దొరయు బంటును

ధర్మవరము నుండి పాకాలకు పోవు రైలుమార్గమున, మదనపల్లెకు ఇవతల, కురబలకోట యను చిన్న స్టేషను కలదు. పేర్చి పెట్టినట్లుండు గుండురాళ్ల గుట్టలు, వాన కెదురుచూచు వేరుసెనగ చేలు, బావుల క్రింది టొమాటో తోటలు, సాయంకాలమున దుమ్ము రేపుచు ఊరు చేరు మేకల మందలు, ఇవి యచటి దృశ్యములు. ఊరి పేరులోనే గొఱ్ఱెల కాపరుల కులము వినబడుచున్నది. ఇట్టి తావునకును, లండను మహానగరమున బారెడు పొద్దెక్కిన పిదప నిద్రలేచు ఒక ధనికుని గూర్చియు, అతని తెలివిగల నౌకరును గూర్చియు పుట్టిన హాస్యకథలకును చుట్టరికము కలదని మేము చెప్పినచో చదువరులు నవ్వవచ్చును. నవ్వినను మంచిదే. ఎవరు ఎవరిని జూచి నవ్వవలెనను ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము. మొదట ఆ చుట్టరికమెట్టిదో చెప్పెదము.

హెన్రీ ఎర్నెస్టు వుడ్‌హౌసు అను ఆంగ్లేయుడు హాంకాంగులో మేజిస్ట్రేటుగా నుండెను. అతనికి నలుగురు కొడుకులు. వారిలో రెండవవాడగు ఎర్నెస్టు ఆర్మిను 1879లోను, మూడవవాడగు పెల్హాం గ్రెన్‌విల్ 1881లోను జన్మించిరి. ఇరువురును లండను దక్షిణభాగమందలి డల్విచ్ కళాశాలలో చదివిరి. అన్న ఆక్స్‌ఫర్డునకు పోయెను. తమ్ముడును పోవలసినవాడే. కాని తండ్రి పింఛను రూపాయలలో వచ్చుచుండెను. 1870 ప్రాంతమున రెండు షిల్లింగులకు చేరువగా నుండిన రూపాయి, వెండి ధర పడిపోవుటచేత, 1890 తరువాత ఒక షిల్లింగు రెండు మూడు పెన్నీల వరకు దిగజారెను. రూపాయల రాబడితో ఇంగ్లండులో బ్రతుకువారికి అది గడ్డుకాలము. ఇరువురు బిడ్డలను ఆక్స్‌ఫర్డున నిలుపుట ఆ యింటికి శక్యము కాలేదు. తమ్ముడు 1900లో హాంకాంగు షాంఘై బ్యాంకివారి లండను కార్యాలయమున గుమాస్తాగా చేరెను. రెండేండ్లలోనే ఆ కొలువు మాని కలమును నమ్ముకొనెను. మన రూపాయి కొంచెము గట్టిగా నిలిచియుండినచో లోకమునకు ఒక పండితుడు దొరకి, ఒక హాస్యరచయిత దక్కకపోయెడివాడేమో!

అన్నగారి త్రోవ వేఱు. ఆర్మిను 1902లో ఆక్స్‌ఫర్డున కవిత్వమునకిచ్చు న్యూడిగేటు బహుమానము నందెను. పిదప దివ్యజ్ఞాన సమాజమున ప్రవేశించి మన దేశమునకు వచ్చి, అనీబిసెంటమ్మగారు 1898లో కాశీనగరమున స్థాపించిన సెంట్రల్ హిందూ కళాశాలలో ఆంగ్లాచార్యుడయ్యెను. ఆ కాలముననే మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, 1909లో తన తండ్రి నారాయణయ్యగారితో అడయారు చేరెను. రెవెన్యూ శాఖలో కొలువు చేసి విరమించిన ఆ పేద బ్రాహ్మణుని కొడుకే రాబోవు జగద్గురువునకు ఆధారమని సమాజపు పెద్దలు నిశ్చయించిరి. 1911లో ఆ బాలుని పేరట నక్షత్ర సంఘము వెలసెను. ఆర్మిను వుడ్‌హౌసు ఆ సంఘపు కార్యనిర్వాహకులలో నొకడై, బాలుడు ఇంగ్లండునకు పోయిన పిదప అతనికి పాఠములు చెప్పిన గురువులలో నొకడాయెను. మహాయుద్ధమున సైన్యమునందు పనిచేసి, తరువాత పుణెలో డెక్కన్ కళాశాలలో ఆంగ్లము బోధించి, 1936లో మరణించెను.

ఆ కృష్ణమూర్తిగారి పేరు నేడు కురబలకోట మండలమునకు అలంకారమై యున్నది. అచటి తెట్టు గ్రామసమీపమున, గుట్టల నడుమ లోయలో, రిషివ్యాలీ పాఠశాల కలదు. మద్రాసు చేరువను గిండీలో మొదలైన పాఠశాల 1931లో ఈ లోయకు తరలివచ్చెను. ఇదియే మేము చెప్పిన చుట్టరికము. ఒక్క తల్లి బిడ్డలలో ఒకడు మదనపల్లె బాలునికి పాఠము చెప్పెను. రెండవవాడు తెలివిగల నౌకరు కథలు చెప్పెను. ఇరువురు చేపట్టిన విషయమును నిదానించి చూచినచో ఒక్కటియే: మనుష్యుడు మఱియొకని మీద ఎంతవరకు ఆనుకొని బ్రతుకవచ్చును?

ఇక ఆ కథల సంగతి. బెర్టీ వూస్టరు అను యువకునికి ధనము కలదు, పని లేదు. మనసు మంచిది, మతి కొంచెము. అతనికి జీవ్సు అను నౌకరు. దుస్తులు సిద్ధపరచుట, తేనీరు తెచ్చుట, వచ్చినవారిని లోనికి బంపుట వాని పనులు. 1915లో ఒక అమెరికా పత్రికలో తొలుత కనబడినపుడు జీవ్సునకు ఆ కథలో రెండే మాటలు. రచయిత వానికి పేరు వెదకుచు, తాను ఆటలో జూచిన పెర్సీ జీవ్సు అను క్రికెటు ఆటగాని పేరు తీసికొనెను. ఆ యువకుడు 1916 జూలైలో ఫ్రాన్సు దేశమున సోమ్ యుద్ధభూమిలో హతుడయ్యెను. ఒక వీరుని పేరు ఒక నౌకరు పేరై నిలిచిపోయెను. రెండు మాటలతో మొదలైన ఆ పాత్ర 1974 వరకు, దాదాపు అరువదేండ్లు, ముప్పదియైదు చిన్నకథలలోను పదునొకండు నవలలలోను నడచెను.

1916లో వెలువడిన ఒక కథను చెప్పెదము. బెర్టీ ఒక కన్యను పెండ్లాడ నిశ్చయించుకొనెను. ఆమె విద్యావతి, పట్టుదల గలది. వరుని మతిని వృద్ధి చేయదలచి నీతిశాస్త్ర గ్రంథములను చదువుమని చేతికిచ్చుచుండును. బెర్టీ పినతండ్రి తన యౌవనమునాటి అల్లరులన్నియు ఒక గ్రంథముగా వ్రాసెను. అందులో ఆమె తండ్రి పేరును కలదు. ఆ వ్రాతప్రతిని దొంగిలించి నాశనము చేయుమని ఆమె బెర్టీని ఆజ్ఞాపించెను. వాడు వణకుచునే దొంగిలించి దాచెను. కొత్తగా కొలువున చేరిన జీవ్సు ఆ కట్టను నిశ్శబ్దముగా అచ్చువేయువారికి పంపివైచెను. పెండ్లి తప్పిపోయెను. యజమాని మండిపడి నౌకరును కొలువునుండి తొలగించెను. వాడు పోవుచు, ఆ కన్యతో సంసారము తమకు తగినది కాదని వినయముగా విన్నవించెను. రాత్రి గడచుసరికి బెర్టీకి అది నిజమని తోచెను. వానిని నిలుపుకొనెను. కృతజ్ఞతగా, జీవ్సునకు నచ్చని గళ్లబట్ట దుస్తులను ఇక తొడుగనని చెప్పెను. నౌకరు వందన మొనర్చి, ఆ దుస్తులను రాత్రియే తోటమాలి క్రింద పనిచేయు వానికి ఇచ్చివేసితినని మనవి చేసెను.

ఈ కథలో నవ్వు ఎచట పుట్టుచున్నదో చూడుడు. కథను చెప్పువాడు బెర్టీయే. తన తెలివితక్కువను తానే, అది తెలివితక్కువ యని పూర్తిగా నెఱుగకయే, మనకు విప్పి చెప్పుచున్నాడు. నౌకరు ఎన్నడును గొంతు పెంచడు, హద్దు మీఱడు. ఆజ్ఞ యనునది యజమాని నోటినుండి వచ్చును. నిర్ణయము నౌకరు మనసులో ముందే జరిగియుండును. 1922లో వెలువడిన వేఱొక కథ ఒక్కదానిని మాత్రము జీవ్సు చేత చెప్పించిరి. అందు యజమానులను మచ్చిక చేసికొని అదుపులో నుంచుట నౌకరు విద్యలో ముఖ్యభాగమని వాడు తొణకక బెణకక చెప్పును. చదువరి ఉలికిపడును. అన్నాళ్లును సేవ యనుకొన్నది పాలన యని తెలియును.

ఇట్టి పాత్ర వుడ్‌హౌసు సృష్టించినది మాత్రమే కాదు. రెండువేల యేండ్లకు పూర్వము రోమనగరమున ప్లౌటసు అను నాటకకర్త ప్రహసనములలో బుద్ధిమంతుడగు బానిస ఉండెను. యజమాని కొడుకు ప్రేమలో చిక్కుకొనగా, ముసలి తండ్రిని మోసగించి పని చక్కబెట్టువాడు వాడే. ఫ్రాన్సు దేశమున బోమార్షే వ్రాసిన నాటకమున ఫిగారో యను నౌకరు తన ప్రభువు దుర్బుద్ధిని ఎదిరించి గెలిచెను. అది 1784లో రంగమెక్కెను. అయిదేండ్లకు ఆ దేశమున విప్లవము పుట్టెను. ఇంగ్లండులో 1902లో బారీ యను నాటకకర్త మఱియొక చమత్కారము చేసెను. ప్రభుకుటుంబము ఓడ పగిలి ఒక దీవిలో చిక్కుకొనగా, నిప్పు చేయుటకును కూడు సంపాదించుటకును ఎఱిగిన వాడు సేవకుడొక్కడే కనుక వాడే వారికి నాయకుడగును. ఓడ వచ్చి వారిని ఊరు చేర్చిన వెంటనే వాడు మరల తలవంచి నిలుచును. కథ ముగిసిన పిదప నవ్వు గొంతులో అడ్డుపడును.

ఈ మూడు రచనలకును వుడ్‌హౌసు కథలకును భేదము కలదు. ప్లౌటసు బానిస దెబ్బలకు వెఱచుచుండును. ఫిగారో కోపమును దాచుకొనడు. బారీ సేవకుడు మన మనసున ముల్లు నాటి పోవును. జీవ్సునకు భయము లేదు, కోపము లేదు, ముల్లును లేదు. వాడు గెలుచును, తేనీరు తెచ్చును. రెండు మహాయుద్ధములు వచ్చిపోయినను ఆ యింటిలో ఏమియు మాఱదు. కథల సౌఖ్యమంతయు ఆ మాఱకపోవుటలోనే యున్నది. ఆ గళ్లబట్ట దుస్తులు పుచ్చుకొన్న తోటపనివాడు ఏమనుకొనెనో కథలో ఒక్క మాట లేదు. తెలివిగల నౌకరు క్రిందను మఱియొక నౌకరు గలడు. వాని తెలివిని పరీక్షించిన వారు లేరు.

మన వాఙ్మయమునకు వత్తము. సంస్కృత నాటకములందలి విదూషకుడు నౌకరు కాడు. అతడు రాజునకు చెలికాడు, బ్రాహ్మణుడు, తిండిప్రియుడు, నవ్వబడువాడు అతడే. నౌకరు స్థానమును నిజముగా పరీక్షించిన నాటకము శూద్రకుని మృచ్ఛకటికము. అందు శకారుడను రాజశ్యాలకునికి స్థావరకుడను దాసుడు కలడు. శకారుడు ధనమత్తుడు, మూర్ఖుడు. పురాణకథలను తలక్రిందుగా పలుకుచు నవ్వు పుట్టించును. బెర్టీ మూర్ఖత్వమునకు విషము కలిసినచో శకారుడగును. అతడు వసంతసేనను చంపుమని దాసుని ఆజ్ఞాపించి, బంగారు కడియము లిత్తునని ఆశ చూపెను. స్థావరకుడు ఒప్పుకొనలేదు. తన దేహమునకు ప్రభువు అధికారి గాని తన నడతకు కాడను భావముతో దెబ్బలు తినెను. శకారుడే ఆమె గొంతు పిసికి, ఆ నేరమును చారుదత్తునిపై మోపి, దాసుని సంకెలలతో మేడమీద బంధించెను. చారుదత్తుని వధ్యస్థానమునకు కొనిపోవునపుడు స్థావరకుడు మేడపైనుండి దుమికి నిజము చెప్పెను. బంగారము దొంగిలించినందులకు దండించితిని, అందువలన పగబట్టి పలుకుచున్నాడని శకారుడు ఒక్క మాట యనగానే జనులు ప్రభువునే నమ్మిరి. దాసుని నోట వచ్చిన నిజమునకు విలువ లేకపోయెను. నాటకాంతమున వానికి దాస్యవిముక్తి కలిగెను.

జీవ్సునకు తెలివి కలదు. స్థావరకునికి ధర్మము కలదు. యజమాని తన మాట వినినందున జీవ్సు సుఖముగా నుండెను. ఎవరును విననందున స్థావరకుడు మేడపైనుండి దుమికెను. మన పూర్వులు నౌకరు కథను ఇంతటి లోతుతో చెప్పగలిగిరని మేము గర్వింతుము. తరువాతి కాలమున మన యిండ్లలో ఏ కథ నిలిచినదో తలచినపుడు ఆ గర్వము నిలువదు.

మన యిండ్లలో నిలిచినది పరమానందయ్య శిష్యుల కథ. గురువునకు సేవ చేయువారందఱు మొద్దులు. చెప్పిన పనిని చెప్పినట్లు చేసి చెడగొట్టుదురు. ఏరు దాటి ఒడ్డు చేరి తమ్ము తాము లెక్కించుకొనుచు, లెక్కించువాడు తన్ను మఱచి, ఒకడు మునిగిపోయెనని గోలుగోలున ఏడ్తురు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు వచ్చి రాజుల కథ నడుమ మోటుహాస్యము పలుకుదురు. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో ఆ కళ నేటికిని బ్రతికియున్నది. ఆ బొమ్మలాటలోని కేతిగాడు అప్పుడప్పుడు రాజునైనను ఆక్షేపించును. ఆ మేరకు అది మేలు. ఇంటి అరుగు మీద పెద్దలు పిల్లలకు చెప్పు కథలలో మాత్రము సేవకుడనగా తెలివిలేనివాడు, తెలివిలేనివాడనగా సేవకుడు. ఆధునికకాలమున మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1924లో బారిస్టరు పార్వతీశమును సృష్టించి ఈ దారి మళ్లించిరి. మొగల్తూరి నుండి సీమకు పయనమైన పార్వతీశము బెర్టీవలెనే తన కథను తానే చెప్పుకొనును, తన్ను జూచి మనము నవ్వునట్లు చెప్పును. అతనికి నౌకరు లేడు. తన తెలివితక్కువను మోయువాడు తానే. చదువుకొన్న తెలుగువాడు తన్ను జూచి తాను నవ్వుకొనుట ఆ గ్రంథమువలన అలవడెను. రెండేండ్లకు ముందు, 1922లో, ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లిలో చౌదరయ్య ఇంటి పాలేరగు సంగదాసు యజమాని చేతి దెబ్బకు మరణించెను. ఒకచోట నవ్వు నౌకరును విడిచి యజమానిపై బడెను. మఱియొకచోట నౌకరు నవ్వు విడిచి కన్నీరాయెను. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన నుంచి చదువని యింటిలో హాస్యము సగమే యెఱిగినట్లని మా తలంపు.

ఇచట మా యింటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. చెప్పుటకు సిగ్గగుచున్నను చెప్పెదము. మా చిన్ననాట మా యింట మేకలు కాచుటకు జీతమునకు కుదిరిన పిల్లవాడుండెను. మాకంటె రెండేండ్లు పెద్ద. సంవత్సరమున కొకమారు వాని తండ్రికి గింజలు కొలిచి యిచ్చెడివారు. పండుగకు వానికి బట్టలు. ఉదయము సంగటిముద్ద తిని మందను తోలుకొని గుట్టకు పోవును. పొద్దు గ్రుంకిన పిదప వచ్చును. వానికి అంకెలు రావు. కాని దొడ్డి గడప దాటుచున్న మందను ఒక్క చూపు చూచి, చెవి తెగిన మేక రాలేదని చెప్పి, చీకటిలో మరల పోయి వెదకి తెచ్చెడివాడు. మేము పలకమీద కూడికలు తప్పుచుంటిమి. ఇంటివారు మమ్ము బుద్ధిమంతులనియు వానిని మొద్దనియు పిలిచెడివారు.

ఒక వేసవిసెలవులలో పిల్లలమందఱము చేరి పరమానందయ్య శిష్యుల ఆట ఆడితిమి. ఏటి ఒడ్డున లెక్క తప్పు శిష్యుని వేషము వానికి ఇచ్చితిమి. వాడు మాచేత నేర్పబడిన ప్రకారము వ్రేళ్లు చూపుచు లెక్కించి, తన్ను విడిచి, ఏడ్చెను. పెద్దలు కడుపు పట్టుకొని నవ్విరి. వాడును నవ్వెను. ఆ రాత్రి భోజనములకు విస్తళ్లెన్ని వేయవలెనని లోపలినుండి అడుగగా మేమే లేచి తలలు లెక్కించి చెప్పితిమి. దొడ్డిగుమ్మమున కూర్చున్నవానిని మా లెక్కలో వేయలేదు. ఎవరును తప్పు పట్టలేదు. వాడును పట్టలేదు. లెక్క తప్పిన శిష్యుడెవడో మాకు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టెను. ఆనాడు మేమందఱము నవ్విన నవ్వునకు యోగ్యులము మేమే.

ఈ తప్పు మా యింటితో పోవునది కాదు. వుడ్‌హౌసు 1975 ఫిబ్రవరి 14వ తేదీన మరణించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 25వ తేదీ నుండి మన దేశమున వెట్టిచాకిరి పద్ధతి శాసనముచేత రద్దయ్యెను. 1976లో అది చట్టముగా స్థిరపడెను. ఆరు మొదలు పదునాలుగేండ్ల లోపు బిడ్డ బడిలో నుండుట హక్కని 2010 ఏప్రిలు నుండి అమలులోనున్న చట్టము చెప్పుచున్నది. చట్టములు వచ్చినవి. ఇంటిలోని లెక్కను మార్చుటకు చట్టమొక్కటే చాలదు. మాటయు కథయు నవ్వును మాఱవలెను.

కృష్ణమూర్తిగారి చరిత్ర ఇందుకు పనికివచ్చును. జీవ్సు కథలు పుట్టుచున్న ఆ సంవత్సరములలోనే మదనపల్లె బాలుడు ఇంగ్లండున ఆంగ్ల పెద్దమనుష్యునివలె తీర్చిదిద్దబడుచుండెను. మేలైన దర్జీలు కుట్టిన దుస్తులు, మెఱయు బూట్లు, చుట్టును సేవించువారు, అడుగడుగునకు ఏది చేయవలెనో చెప్పు పెద్దలు. ఆక్స్‌ఫర్డు అతనిని చేర్చుకొనలేదు. వేలకొలది భక్తులు మాత్రము అతని పాదములకు మ్రొక్కుచుండిరి. అతని స్థితిని చూచినచో బెర్టీ స్థితియే: తన నడతను ఇతరులు నిర్ణయించుచుండగా, పైకి తాను ప్రభువు. 1929 ఆగస్టు 3వ తేదీన హాలండు దేశమున ఓమెన్ శిబిరమున, తన పేరట వెలసిన నక్షత్ర సంఘమును తానే రద్దు చేసెను. సత్యమునకు ఏర్పరచిన బాట లేదనియు, తనకు శిష్యులు వలదనియు ప్రకటించెను. సంఘమునకు వచ్చిన ఆస్తులు ఇచ్చినవారికి తిరిగి యిచ్చిరి. ఊతకఱ్ఱ వలె పట్టుకొన్నవారందఱు ఒక్కసారిగా తమ కాళ్లమీద నిలువవలసి వచ్చెను. బెర్టీ అరువదియేండ్లు చేయజాలని పనిని మదనపల్లెవాడు ఒక్క ఉదయమున చేసెను.

అయినను న్యాయము చెప్పవలెను. కృష్ణమూర్తిగారు కాదన్నది గురువుపై ఆనుకొనుటను. వంట, బట్టలు, ప్రయాణము మొదలగు వానికి ఆయనకును జీవితాంతము ఇతరుల సేవ లభించెను. మనుష్యునికి మనుష్యుడు తోడు కాక తప్పదు. ఆనుకొనుట దోషము కాదు. ఆనుకొని యుండియు ఆ సంగతి మఱచుట దోషము. వుడ్‌హౌసు కథలలోని గొప్ప గుణము ఇచటనే యున్నది. బెర్టీ మఱవడు. జీవ్సు తనకంటె తెలివిగలవాడని పదిమందిలో చెప్పుకొనును. స్నేహితులకు చిక్కు వచ్చినచో జీవ్సు నడుగుడనును. లోకవ్యవస్థను మార్చు ధైర్యము ఆ కథలకు లేకపోవచ్చును. కాని యజమాని తన నౌకరు నెదుట తన్ను చిన్నచేసికొనుటలో సుఖము కలదని అవి మూడు తరముల చదువరులకు నేర్పినవి. పరమానందయ్య కథవలన ఆ పాఠము రాదు.

ఇక చదువరులగు గృహస్థులకు మా విన్నపము. పరమానందయ్య శిష్యుల కథను పిల్లలకు చెప్పవలదని మేము చెప్పము. అది మంచి హాస్యకథయే. చెప్పునపుడు మొద్దు శిష్యుని వేషము ఇంటి యజమాని వేయవలెను. నీళ్లకుండ ఎచట నున్నదో, దీపపు వత్తి ఎట్లు మార్చవలెనో, బియ్యము ఎన్ని నాళ్లు వచ్చునో ఎఱుగని పండితుడెవడో పిల్లలే చెప్పుదురు. పనిమనిషి ఆ నవ్వులో మనతో కలిసి కూర్చుండి నవ్వవలెను. ఆమెను బిడ్డలు పేరు పెట్టి పిలువక అక్క యనియో అత్త యనియో వరుసతో పిలువవలెను. ఆమె చెప్పిన మాట నిజమో కాదో తేల్చునపుడు, ఆమె పేదరాలు గనుక అబద్ధమాడునని మొదటనే తీర్పు చెప్పరాదు. శకారుని మాట నమ్మిన జనులము మనము కారాదు.

రిషివ్యాలీ వారు తమ పాఠశాలతో తృప్తినొందక చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు పెట్టి, కాపరుల బిడ్డలు తమ వేగముతో తాము చదువుకొను పద్ధతి నొకటి ఏర్పరచిరి. ఒకే గదిలో వేఱువేఱు తరగతుల పిల్లలు కూర్చుండి, చీటీలు తీసికొని, తమ మెట్టు నుండి తాము సాగుదురు. ఆ పద్ధతి ఇతర రాష్ట్రములకును ప్రాకెను. మందను ఒక్క చూపున లెక్కించు కంటికి అంకెలు నేర్పుట కష్టము కాదని అది నిరూపించెను. మా యింటి కాపరికి ఆ యదృష్టము పట్టలేదు. వాడు పెద్దవాడై కూలికి పట్టణము పోయెనని వింటిమి. మేము కూడికలు నేర్చి ఉపాధ్యాయులమైతిమి.

నేడు మా యింట భోజనముల వేళ ఎన్ని విస్తళ్లని ప్రశ్న వచ్చినపుడు, లెక్కించు పనిని మా చిన్నకుమార్తెకు అప్పగించితిమి. దొడ్డిగుమ్మము నుండి లెక్క మొదలుపెట్టుమని ఆమెకు నేర్పితిమి.